బోర్డు మీద అవ్వ తిట్లు

నా చిన్నప్పుడు తెలుగు పీరియడ్ అంటేనే నాకు ఒళ్ళు మండేది. కోయంబత్తూరు పీలమేడులో, మిల్లు లైన్ల వెనక ఉన్న మా బడిలో పాఠాలన్నీ తమిళమే. రోజుకు ఒక్క గంట మాత్రం మా తెలుగిళ్ళ పిల్లల కోసం తెలుగు చెప్పేవారు. పుట్టినప్పటినుంచి ఇంట్లో మాట్లాడేదే కదా, ఇందులో కష్టమేముందని మా నాన్న అనుకునేవాడు. ఆ పుస్తకం ఒకసారి తెరిచి ఉంటే ఆయనకు తెలిసేది. అందులో ఎక్కడో గోదావరి ఒడ్డున పిల్లలు మామిడితోటకు వెళ్తారు, అమ్మానాన్నలతో ఎంతో మర్యాదగా మాట్లాడతారు. అట్లాంటి తెలుగు మా వీధిలో ఒక్కరి నోటా విన్న పాపాన పోలేదు. ఆ పిల్లలతో మాకేం పని?

చదవడం తప్పించుకోవడానికి మేమొక ఉపాయం కనిపెట్టాం. మా టీచరమ్మ పాఠం మొదటిసారి చదివేటప్పుడు, ప్రతి లైను కిందా అదే మాటను తమిళ అక్షరాల్లో పెన్సిలుతో సన్నగా రాసుకునేవాళ్ళం. మర్నాడు ఆమె లేపితే ఆ తమిళ అక్షరాలు చూసి గడగడా ఒప్పజెప్పేసేవాళ్ళం. పాపం ఆమె రెండు నెలలు మమ్మల్ని తెగ మెచ్చుకుంది. ఒకరోజు తన పుస్తకం ఇంట్లో మరిచిపోయి వచ్చి, నా పుస్తకం తీసుకుంది.

ఆమె కొట్టలేదు. పేజీలు తిప్పి తిప్పి చూసి కుర్చీలో కూలబడింది. ఆమెది మదురై పక్క తెలుగు కుటుంబం. విసుగొస్తే పుస్తకం భాష వదిలేసి మాలాగే మాట్లాడేది. "వచ్చే నెల ఇన్‌స్పెక్టర్ వస్తాడు. మీకు చదవను రాదని తెలిస్తే ఈ పీరియడే ఎత్తేస్తారు. నేనేమి చేసేది, మీరే చెప్పండి" అంది.

నాకు సిగ్గుకన్నా ఉక్రోషమే ఎక్కువైంది. "ఆ బుక్కులో ఉండేది మన మాటే కాదు టీచర్. మా అవ్వ అట్ల మాట్లాడనే మాట్లాడదు" అనేశాను.

"మరి మీ అవ్వ ఎట్ల మాట్లాడుతుంది కన్నూ?"

మిల్లు కూతను మా ఇళ్ళలో సంగు అంటారు, బడిని పల్లికూటం అంటారు. ఆ పొద్దున అవ్వ నన్ను తిట్టిన తిట్టు అట్లాగే అప్పజెప్పాను. "సంగు ఊదేసినారు, నువ్వింకా గంజి చెంబు ముందరే కూసోనుండావా? సీక్రం తాగి పల్లికూటానికి లేసి పోవే, సోంబేరి!"

క్లాసంతా ఘొల్లున నవ్వింది. టీచరమ్మ మాత్రం లేచి, ఒక్క మాట మార్చకుండా దాన్ని బోర్డు మీద తెలుగులో రాసింది. ఆ రోజునుంచి పుస్తకం పక్కకు పోయింది. రోజుకో ఇంటి మాట బోర్డెక్కేది. ఒకడి తాత గొణుగుడు, ఒకత్తె అమ్మ కూరగాయలవాడితో వేసుకున్న గొడవ. మా ఇంటి వంతు ఎప్పుడా అని కొట్టుకునేవాళ్ళం. ఆమె రాయడం పూర్తయ్యేలోపే మేం చదివేసేవాళ్ళం. అది చదవడమని మాకెవరికీ తోచలేదు.

ఇన్‌స్పెక్టర్ చెప్పిన రోజుకన్నా ముందే వచ్చేశాడు. అప్పుడు బోర్డు నిండా మళ్ళీ మా అవ్వే. ఆయన ముక్కు చిట్లించి, "ఇదేం తెలుగమ్మా? సగం తమిళం! చెరిపించి పుస్తకం చదివించండి" అన్నాడు. టీచరమ్మ డస్టర్ తీసి నా చేతిలో పెట్టింది.

నేను బోర్డు దగ్గరికి వెళ్ళాను. ఒక్కో మాటా గట్టిగా చదువుతూ, చదివిన దాన్ని చెరుపుతూ పోయాను. వెనకనుంచి క్లాసంతా గొంతు కలిపింది. ఇరవైమంది పిల్లలం తెలుగు అక్షరాలు చూసి తప్పు లేకుండా చదువుతుంటే ఆయన అల్లరి అనుకున్నాడు. "ష్!" అని కసిరాడు. తర్వాత పుస్తకం చేతికిస్తే అందరం తడబడ్డాం. మరుసటి ఏడు మా బడిలో తెలుగు పీరియడ్ లేదు.

చాలా ఏళ్ళు నాకు ఆయన మీదకన్నా టీచరమ్మ మీదే కోపంగా ఉండేది. ఒక్క మాట ఎందుకు ఎదురు చెప్పలేదు? పెద్దయ్యాక నేనూ మిల్లులో చేరి, సూపర్‌వైజర్ ముందు నోరు మూసుకుని నిలబడ్డ రోజుల్లో ఆ కోపం కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఇంట్లో నన్ను బడి మానిపించాక ఒక పాత నోటుబుక్కు సంపాదించి, అవ్వ అన్నవన్నీ అన్నట్టే రాయడం మొదలుపెట్టాను. తెలుగులో నాకు సరిగ్గా చదవడం వచ్చింది ఆ ఒక్క పుస్తకమే. మొన్న నా మనవరాలు దాన్ని తిరగేసి, "ఇందులో అన్నీ తప్పులే, సరిచేసి ఇవ్వనా అవ్వా?" అంది. పిల్ల మంచికే అడిగింది. అయినా దాని చేతిలోంచి పుస్తకం లాగేసుకున్నాను. ఒకసారి చెరిపాను, చాలు.