చేదు లేని నేలవేము పొడి

దాణా అంగట్లో పుట్టి పెరిగినవాణ్ని. తవుడైనా, వేరుశనగ చెక్కయినా చిటికెడు నోట్లో వేసుకోకుండా బేరం మొదలుపెట్టడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. మా నాయన జొన్నగింజ కొరికి అది ఎన్నాళ్ల పాతదో చెప్పేవాడు. నేను ఆయనంత కాదు గానీ, సరుకులో వంక పట్టడంలో చిత్తూరు బజారులో నన్ను మించినవాడు లేడని నాకు నేనే కితాబిచ్చుకునేవాణ్ని. ఆ కితాబు తలుచుకుంటే ఇప్పుడు ఉమ్మేయాలనిపిస్తుంది.

పుత్తూరు దగ్గరి పల్లె నుంచి ఒక అక్క మా అంగడికి వచ్చేది. రేకుల షెడ్డులో బ్రాయిలర్ కోళ్లు పెంచేది. ఒకసారి నాలుగు కోళ్లకు మేతలో ఇంటి పసుపు, మునగాకు కలిపి చూసింది. రెట్ట గట్టిపడింది, కూర రుచిగా కుదిరింది. అది తిన్న తిరుపతి మెస్సు యజమాని, ఒక బ్యాచ్ మొత్తం అలాగే మందుల్లేకుండా పెంచి చూపిస్తే ఇక ఏడాది పొడవునా ఆమె దగ్గరే కొంటానన్నాడు. ఆమె ఆశంతా ఆ బ్యాచ్ మీదే.

"పసుపు, తెల్లగడ్డ, మునగాకు, నేలవేము కలిపిన పొడి దొరకతాదంట గదప్పా. తెప్పించు" అంది.

ఆ వారమే ఒక ఏజెంటు అలాంటి పొడి మూటలతో దిగాడు. చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. వట్టి తవుడు రుచి.

"నేలవేముంటే చేదుకు నాలిక పీక్కోవాల గదప్పా. యాడుండాది చేదు?"

"కోళ్లు తినవని తీసేసినాము సార్."

"తీసి యాడ పెట్టినావు? దాన్ని నాకమ్ము, దీన్ని నువ్వే తిను."

అతను నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ లేని చేదునే పట్టుకుని లాగి లాగి ధర సగానికి దించాను. సరుకు వద్దని పంపేయవచ్చన్న ఊహే రాలేదు. వంక ఉండేది ధర దించడానికి కదా! మర్నాడే "మంచి సరుకక్కా" అంటూ ఆమెకు అంటగట్టాను.

ఆ బ్యాచ్ ఆరో వారంలో ఫోన్ చేసి రమ్మంది. షెడ్డు గుమ్మంలోనే ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను. నేల మీద పరిచిన ఊక తడిసి ముద్దకట్టి ఉంది. ఘాటుకు కళ్లు మండాయి. కోళ్ల వెనక ఈకలకు పచ్చటి రెట్ట అట్టకట్టింది. ఒకదాన్ని ఎత్తితే రొమ్ము ఎముక కత్తిలా తగిలింది. పొట్ట కింది చర్మం వెచ్చగా, జిగటగా వేళ్లకు అంటుకుంది. మెస్సాయన అప్పటికే ఒక కోడిని కోయించాడు. తోలు లాగితే చిరిగిపోతోంది, పాలిపోయిన మాంసం నీళ్లు కారుతోంది. ఆయన వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు.

"దీన్ని వండి పెడితే జనం నన్ను తరుముకుంటారమ్మా. మందులేసిన కోడే మేలు" అని బండెక్కి వెళ్లిపోయాడు.

ఆమె ఏడవలేదు. అరచేతులు నా ముందు చాపింది. గీతల్లో పసుపుపచ్చ రంగు.

"బాగా పెరుగుతాయని నువ్వు చెప్పినదానికన్నా పిడికెడు ఎక్కువే కలిపినా. పసుపైతే సబ్బు తగిలితే ఎర్రబడాల గదా, ఇది పడలా, వట్టి రంగు. వాడు నిన్ను గూడా మోసం చేసినాడా అప్పా?"

ఎంత సుళువైన దారి చూపించింది! ఔనంటే చాలు, ఇద్దరం కలిసి ఆ ఏజెంటును తిట్టుకునేవాళ్లం. అనడానికి నోరు కూడా తెరిచాను. వేళ్ల మీద ఆ జిగట ఇంకా ఆరలేదు.

"లేదక్కా. నోట్లో ఏసుకొనే చూసినా. చేదు లేదని తెలుసు."

"తెలిసి?"

"వాడి దగ్గర ధర తగ్గించుకున్నా."

రెట్టలో కాలు పడ్డప్పుడు చూసినట్టు చూసింది నన్ను. తర్వాత మూలనున్న పొడి మూటను చెవులు పట్టుకుని దిబ్బ వైపు ఈడ్చసాగింది. రెండో వైపు పట్టబోయాను.

"ముట్టగాకు" అంది.