మా నాయన వాచీ వెనక మూత

అందరూ బాగున్నారా... సుశీలక్కా, మోకాళ్ళ వాపు తగ్గిందా? రమణన్నా, షుగరు చూపించుకున్నావా, ఇంకా రేపు రేపంటున్నావా? మా తమ్ముడి కొడుకు శీనయ్య కూతురికి జ్వరం విడిచిందో లేదో... వాడు ఫోను ఎత్తడు. నాకు అదే గుబులు.

ఆ శీనయ్యే మొన్న మా నాయన చేతి వాచీ ఫోటో మన గ్రూపులో పెట్టి, ఏ సంవత్సరానిదో చెప్పండన్నాడు. ఎంతమంది పండితులో... ఒకరు యాభై అన్నారు, ఒకరు డెబ్బై అన్నారు, ఇంకొకాయన అసలు డూప్లికేటని తేల్చేశాడు. మూత తీసి చూడమన్నవాడు ఒక్కడూ లేడు. ఇట్లాంటి పండితుణ్ణి నేను తొమ్మిదేళ్ళప్పుడే చూశాను.

మా చిన్నప్పుడు... దొరవారిసత్రం అవతల, ఉప్పునీటి సరస్సు ఒడ్డున మా ఊరు. మా నాయన చేపల పడవ నడిపేవాడు. బిట్రగుంటలో ఒక రైల్వే గార్డు దగ్గర పాత వాచీ కొనుక్కున్నాడు. గంటలు చూడటం సరిగ్గా రాదు గానీ, పొద్దున లేస్తూనే కీ ఇచ్చి నా చెవి దగ్గర పెట్టేవాడు.

ఒకసారి ఉప్పునీళ్ళు లోపలికి పోయి ఆగిపోతే నాయుడుపేటకు తీసుకెళ్ళాం. వాచీలు బాగుచేసే మస్తానయ్య కంటికి అద్దం బిగించుకుని, అంతా తుడిచి, మూత లోపల సూదితో ఏదో గీశాడు. పాడుచేస్తున్నాడని నేను ఒకటే ఏడుపు.

"ఎవురిదైనా గీస్తానమ్మే. ఈ తేదీన నా చెయ్యి పడిందని గుర్తు" అన్నాడు.

అయినా ఆ గీత పెరిగి వాచీ పగులుతుందేమోనని నెలల తరబడి నాకు బెంగే.

రెండేళ్ళకు మా ఊరి పెద్దాయన వాచీ రేవులో పోయింది. ఆ నెలలోనే మా నాయన చేతికున్నది చూసి, అది నాదే అన్నాడు. చావడికి పిలిపించారు. ఆయన అల్లుడు మద్రాసులో చదివినవాడు... పైపైన చూసి, ఇది ఏ ఏడాది సరుకో నాకు తెలుసు, మామది కూడా అదే అన్నాడు.

"పడవోడికి ఇట్టాంటి వాచీ యాడిది?" అన్నాడు ఆ అల్లుడే.

పెద్దాయనేమో తన వాచీ కొన్ననాటి నుంచి మూత తీసిన పాపాన పోలేదని గొప్పలు. గార్డు దగ్గర కొన్నానంటే ఎవరూ నమ్మకపోతే మా నాయన తల వంచుకుని నిలబడ్డాడు. దొంగ అని తేలితే రేవులో పడవ కట్టనివ్వరు మరి.

నేను మనుషుల మధ్య నుంచి దూరి, "మూత తీయండి... లోపల గీసుండాది" అన్నాను.

తీశారు. అంత చదివినవాడు అల్లుడే కదా, వాడే చదవాల్సి వచ్చింది. మస్తానయ్య పేరులో మొదటి అక్షరం, రెండేళ్ళ కిందటి తేదీ. పెద్దాయన వాచీని చేతికి కూడా ఇవ్వలేదు. అరుగు మీద పడేసి, తీసుకుపోరా అని లేచిపోయాడు. తప్పయిందన్న మాట ఒక్కరి నోట రాలేదు. అన్ని చదువులు, అన్ని తెల్లబట్టలు... ఎందుకూ?

మా నాయన మళ్ళీ ఆ వాచీ చేతికి పెట్టుకోలేదు. ట్రంకుపెట్టెలో దాచి, పొద్దున్నే కీ మాత్రం ఇచ్చేవాడు.

అప్పుడు పైన చూసి తేల్చేవాళ్ళు, ఇప్పుడు ఫోటో చూసి తేల్చేవాళ్ళు... అంతే తేడా. గీసి పెట్టే మస్తానయ్యలే లేకుండా పోయారు. మీ ఇళ్ళల్లో పాత వాచీ ఉంటే మూత తీయించి, లోపల ఏముందో ఇక్కడ రాయండి.

శీనయ్యా, వాచీ గుడ్డలో చుట్టి తీసుకురా, తడి తగలనీయకు. మూత నా ముందరే తీయాలి. ఆ రోజు నాకు చదవటం రాదు... ఆ తేదీ ఈసారి నేను చదువుకోవాలి. పాపకు తగ్గితేనే సుమా... పన్నెండో తేదీ, శనివారం, పొద్దున బస్సుకే రా.