కొమ్మ కింద సర్వీసు

నాచారంలో స్టాఫ్ క్వార్టర్స్ వెనక ఉన్న టెన్నిస్ కోర్టుకు తూర్పు పక్కన ఒక వేపచెట్టు ఉంది. దాని కొమ్మ ఒకటి కోర్టు చివరి గీత మీదికి వంగి ఉంటుంది. సర్వీసుకు ఎగరేసిన బంతి ఆ కొమ్మకు తగిలితే ఫాల్ట్ అని అక్కడివాళ్లు ఎప్పుడో రూలు పెట్టుకున్నారు. అయినా సర్వీసు ప్రాక్టీసు అందరిదీ అటు పక్కనే. పొద్దున నీడ అక్కడే ఉంటుంది. ఎదురు పక్క నిలబడితే ఎండ కళ్లలో పడుతుంది.

సూర్యకళ ఆట నేర్చుకున్నది ఆ కొమ్మ కిందనే. ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో ఆమె టెక్నీషియన్. షుగరు వచ్చిందని డాక్టరు ఏదో ఒక ఆట ఆడమంటే, అదే ల్యాబ్‌లో సీనియర్ ఉమాపతి ఆమెకు రాకెట్ పట్టుకోవడం నేర్పాడు. అప్పటినుంచి ప్రతి ఏటా సంస్థ టోర్నమెంటులో ఇద్దరూ ఒక జోడీ. ఒక్కసారీ గెలవలేదు. ఈ ఏడాది ఉమాపతి రిటైరవుతున్నాడు.

టోర్నమెంటుకు ముందు సైనిక్‌పురిలో ఒక మ్యాచ్ ఆడారు. సూర్యకళ సర్వీసులు వరసగా నెట్‌కు తగిలాయి. గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన ఉండబట్టలేక అన్నాడు.

"ఏందమ్మా, మీద కరెంటు తీగ ఉన్నట్టు కొడుతున్నవ్?"

పక్కవాళ్లు నవ్వారు. సూర్యకళ తలెత్తి చూసింది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

తిరిగి వస్తుంటే, మల్లాపూర్ దాటాక, కారు నడుపుతున్న ఉమాపతి రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. ఈసారి టోర్నమెంటుకు తన జోడీగా, ల్యాబ్‌లోనే బాగా ఆడే హరిణి పేరు ఇద్దామనుకుంటున్నాడట. పోయేముందు ఒక్కసారి గెలవాలని ఉందట. ఇంకొక్కసారి తన సర్వీసు చూసి పేరు ఇమ్మని అడిగింది సూర్యకళ. ఆయన సరేనన్నాడు.

మర్నాటి నుంచి ఆమె టోపీ పెట్టుకుని ఎండ పక్కకు వెళ్లింది. అక్కడ కొమ్మ లేదు, అయినా ఆమె ఎగరేసిన బంతి కొమ్మ ఎత్తు దాకానే లేచింది. బంతి తక్కువ ఎత్తులో దొరకడంతో మోచెయ్యి వంగేది, దెబ్బ కిందికి పడేది. సాయంత్రాలు డాబా మీద ఉత్త బంతి ఎగరేయడమే పనిగా పెట్టుకుంది. మణికట్టుతో విసరకుండా చేతిని పూర్తిగా పైకి చాచి, చివర్లో వేళ్లు తెరవాలి. బంతి వాటర్ ట్యాంకు అంచు దాటాలి.

"రాకెట్ అమ్ముకున్నవా ఏంది?" అంది బట్టలు తీస్తున్న అత్త కౌసల్యమ్మ. బంతి వడియాల మీద పడితే మాత్రం ఊరుకోనంది.

కొత్త సర్వీసు కుదరలేదు. పాతది నెట్‌కు తగిలేది, ఇది కంచె దాకా పోయేది. ఉమాపతి చూడటానికి వచ్చిన రోజూ అంతే. మధ్యలో ఒకటి మాత్రం గట్టిగా, సూటిగా, గీత లోపల పడింది. ఆ తరవాతది మళ్లీ బయటికి పోయింది. పాత పద్ధతిలో మెల్లగా ఒకటి నెట్టి పరువు దక్కించుకోవచ్చు. ఆమె ఆ పని చేయలేదు.

"నేను నేర్పింది తప్పంటవా?" అన్నాడు ఉమాపతి.

"మీరు నేర్పింది ఆ కొమ్మ కిందికి సరిపోయింది సార్."

ఆయన కోర్టు అవతల ఉన్న చెట్టు వైపు చూశాడు. ఆమె చేతిలోంచి బంతి తీసుకుని, గీత దగ్గర నిలబడి ఎగరేశాడు. బంతి కొమ్మ ఉండే ఎత్తు దాకా పోయి దిగింది. మళ్లీ ఎగరేశాడు. అక్కడికే.

"నాది గూడ గింతేనా?"

"గింతే సార్."

ఆయన బంతి ఆమెకు తిరిగిచ్చాడు.

"గిట్ల ఆడితే ఈసారి గూడ ఓడుతం," అన్నాడు.

"ఓడొచ్చు సార్."

"నీ పేరే ఇస్త. ఓడుతే ఓడుదాం." ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చెట్టు లేని ఆకాశంలోకి చూశాడు. "జర ఆ టోపీ ఇయ్యి."