మేడమీది చివరి గది

అతను ఇరవై ఏళ్లు టెలిఫోను తీగలు లాగాడు. ల్యాండ్‌లైన్లు మూలపడ్డాక ఇళ్లకు వైఫై పెట్టే పనిలోకి మారాడు. పని మారినా నిచ్చెన ఎక్కడం తప్పలేదు. ఆ రోజు అది నాలుగో ఇల్లు. మధ్యాహ్నం భోజనానికి కూడా తీరిక దొరకలేదు.

ఇంటాయన బ్యాంకులో ఆఫీసరు. వైఫైని గదులకు పంచే పెట్టెలు, యాక్సెస్ పాయింట్లు, మూడు ముందే కొనిపెట్టుకున్నాడు.

“హాల్లో ఒకటి, మా బెడ్‌రూంలో ఒకటి, మేడమీద ఒకటి. గోడలకి బెజ్జాలూ గిజ్జాలూ వద్దు.”

“వైరు లేకపోతే పైకి సరిగా అందదు సార్. గోడలు మందం.”

“నిన్న నేనే పెట్టి చూశానయ్యా. ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగా వచ్చాయి!”

వాదించే ఓపిక లేదు. చెప్పిన చోటల్లా పెట్టేశాడు. సామాను సర్దుకుంటుంటే ఎవరో చొక్కా పట్టి లాగారు. ఇంటాయన అక్క. పుట్టుకతోనే వినికిడి లేదు, మాట రాలేదు. మేడమీది చివరి గదిలో బట్టలు కుడుతుంది.

ఆమె తన ఫోను అతని ముఖం ముందు పెట్టింది. తెరమీద వీడియో కాల్‌లో ఆమె చిన్ననాటి స్నేహితురాలు. ఆమెదీ చేతుల భాషే. ఏదో చెబుతూ ఎత్తిన చేతులు ఎత్తినట్టే బిగుసుకుపోయాయి. మళ్లీ కదిలేసరికి ఒళ్లో ఉన్నాయి. మధ్యలో చెప్పిందంతా పోయింది.

అక్క కత్తెర ఆడిస్తున్నట్టు వేళ్లు ఆడించింది. ఆ పని విసిరేసినట్టు చేసి, మేడమెట్లలో అన్నిటికన్నా కింది మెట్టు చూపించింది. మాట్లాడాలంటే పని మానుకుని అక్కడికి దిగాలి.

అతను నిట్టూర్చి సంచీ మళ్లీ విప్పాడు.

“సార్, ఆ గీతలు ఫోనుకీ పెట్టెకీ మధ్యవి. పెట్టెకే నెట్ అందకపోతే అవేం చేస్తాయి? రెండు పెట్టెలు చాలు. పైకి ఒక్క వైరు లాగనివ్వండి.”

“గోడ పాడవుతుందయ్యా.”

“ఆవిడకి చేతులే మాట సార్. అది మధ్యలో తెగిపోతోంది.”

ఇంటాయన అక్క వంక చూశాడు.

“నాకెప్పుడూ చెప్పలేదే,” అన్నాడు. గోడ వైపు ఓసారి చూసి, “సరే, కానివ్వు,” అన్నాడు.

గంటన్నర పట్టింది. గోడ దుమ్ముతో కళ్లు మండాయి. చివరి గది తలుపు పైన పెట్టె బిగించి దిగేసరికి అక్క మంచం మీద కూర్చుని మాట్లాడుతోంది. చేతులు ఆగడం లేదు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వింది.

“ఏమంటున్నారు సార్?” అనడిగాడు.

“అంత వేగంగా నాకు అర్థం కాదు,” అన్నాడు తమ్ముడు, గుమ్మంలోనే నిలబడి.

మిగిలిన పెట్టె ఆయన చేతిలో పెట్టి, నిచ్చెన భుజానికెత్తుకుని అతను కిందికి దిగాడు. ఇంకో ఇంటివాళ్ల ఫోను.

“వస్తున్నానమ్మా, దారిలోనే ఉన్నా,” అన్నాడు, ఇంకా చెప్పులు వేసుకోకుండానే.