కదిలే ఇంటికి నైరుతి ఎటు

ఈ చలికాలంలో నాకు జరిగిన అన్యాయాలు, నా డైరీలో ఉన్నవి ఉన్నట్టుగా:

గురువారం సాయంత్రం. దోహా నుంచి సీలైన్ సముద్రతీరంలో గుడారాలు వేసుకోవడానికి వెళ్ళాలని అల్లుడు తన ట్రక్కు వెనక కారవాన్ (చక్రాల మీది ఇల్లు) తగిలించాడు. జెనరేటరును కారవాన్ వెనక కొసన పెట్టాడు. నేను అభ్యంతరం చెప్పాను. "అన్నీ సెన్సర్లే చూసుకుంటాయి మామయ్యా" అన్నాడు.

శుక్రవారం ఉదయం. నన్ను ముందు సీటులోంచి వెనక సీటుకు మార్చారు. కారణం అడిగితే నడుము కింద దిండు పెట్టారు. దిండు కారణం కాదు.

శుక్రవారం, మెసయీద్ దాటాక. కుదుపుల గురించి నేను మాట్లాడుతుండగా మా అమ్మాయి, "కాసేపు కళ్ళు మూసుకోండి నాన్నా" అంది. కళ్ళు మూసుకుంటే కుదుపులు తగ్గుతాయని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

నేను అల్లుడిగా ఉన్న ఆ రోజుల్లో కూడా కుదుపులు ఉండేవి. కాని వాటికి బాధ్యుడనే మనిషి ఒకడు ఉండేవాడు, సెన్సర్ల మీదికి నెట్టేసే వీలుండేది కాదు. మా కుటుంబంలో ఆ పదవి నాది. అప్పుడు నేను మెసయీద్‌లో ఒక ఎరువుల కర్మాగారంలో కుర్ర ఇంజనీరును, దోహాలో మదీనత్ ఖలీఫా పేటలో ఒక విల్లా పైభాగంలో కాపురం. మా ఆవిడకు కొత్తగా బడిలో టీచరుద్యోగం వచ్చింది. అమ్మాయికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. తెనాలి నుంచి మమ్మల్ని చూడవచ్చిన అత్తగారు వీసా పొడిగించుకుని వేసవి సెలవుల దాకా ఉంటే పిల్లను చూసుకునే మనిషి దొరికినట్టు, ఆ ఉద్యోగం నిలిచినట్టు. ఆవిడ వెళ్ళిపోతే ఉద్యోగమూ వెళ్ళిపోతుంది. అత్తగారు మాత్రం ఉంటాననీ అనరు, వెళ్తాననీ అనరు. "ఈ ఊళ్ళో గాలి కూడా మిషన్లోంచే రావాలేమిటే" అని నిట్టూరుస్తారు. నిజమైన గాలి చూపిస్తే మనసు మారుతుందని మా ఆవిడ ఆశ. అందుకని ఒక స్నేహితుడి కారవాన్ అడిగి తెచ్చి, కంపెనీ నాకిచ్చిన పికప్ ట్రక్కుకు తగిలించి, అందరం సముద్రం ఒడ్డుకు బయలుదేరాలని నిర్ణయించాం. (ఆ ట్రక్కు వెనక కుదుపులు ఆపే కమాన్ పట్టీలు టన్ను బరువు కోసం చేసినవి. ఖాళీగా నడిపితే దారిలో ఉన్న ప్రతి గులకరాయినీ వెన్నెముకకు పరిచయం చేసేవి. అత్తగారికి నడుంనొప్పి. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసుకోవలసింది.)

అత్తగారితో వచ్చిన మా మామగారు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవారు. చొక్కా జేబులో ఒక చిన్న దిక్సూచి ఎప్పుడూ ఉండేది. బయలుదేరే ముందురోజు కారవాన్ మా వీధిలో ఉత్తరం వైపు ముఖం పెట్టి ఆగి ఉంది. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, వాకిలి తూర్పుకు ఉన్నందుకు తృప్తిపడి, దిక్సూచి తీశారు.

"అల్లుడుగారూ, బరువులన్నీ నైరుతి మూలకి పెట్టించండి."

"ఇది ఇల్లు కాదండీ, బండి."

"ఇందులో వంట చేస్తారా?"

"చేస్తామండీ."

"పడుకుంటారా?"

"పడుకుంటాం."

"మరి ఇల్లు కాక ఏమిటి?"

ఉత్తరం చూస్తున్న బండికి నైరుతి అంటే వెనక ఎడమ మూల. లాగే బండికి బరువు వెనక్కి పోతే ముందున్న కొక్కెం పైకి లేస్తుందనీ, దాంతో ట్రక్కు తోక తేలిపోతుందనీ, వేగం పెరిగితే వెనక బండి పాములా ఊగుతుందనీ, బరువు ఇరుసుకు కాస్త ముందుండాలనీ కాగితం మీద బొమ్మ గీసి మరీ విన్నవించాను. ఆయన బొమ్మను శ్రద్ధగా చూశారు. "మీరు చెప్పేది బండి సంగతి. నేను చెప్పేది అందులో ఉండే మనుషుల సంగతి" అన్నారు. నేను బొమ్మ మడిచి జేబులో పెట్టుకున్నాను. బియ్యం బస్తా, నీళ్ళ క్యాన్లు, గ్యాస్ సిలిండరు, వీటికి తోడు వెట్ గ్రైండరు (బజారు పిండితో వేసిన ఇడ్లీ అత్తగారు ముట్టరు, సముద్రం ఒడ్డున కూడా ముట్టరు) అన్నీ నైరుతికి చేరాయి.

మర్నాడు ఊరు దాటగానే నా బొమ్మ నిజమవసాగింది. ట్రక్కు ముక్కు కిందికి వంగేది, తోక పైకి లేచేది. మా అత్తగారు నాతో నేరుగా మాట్లాడే అలవాటు లేని మనిషి. పక్కనున్న కూతురికి చెప్తారు, నాకు వినపడేలా చెప్తారు.

"మీ ఆయన బండి నడుపుతున్నాడా, వడ్లు దంచుతున్నాడా?"

నేను ఆగి ట్రక్కు చక్రాల్లో కొంచెం గాలి తగ్గించాను. మళ్ళీ ఆగి కొక్కెం ఎత్తు కొలిచాను. వేగం తగ్గించి చూశాను. వెనకాల లారీలన్నీ హారన్లు మోగించాయి. ఆగిన ప్రతిచోటా గాలి ఎంత, వేగం ఎంత, కుదుపు ఎలాంటిది అని డైరీలో రాసుకున్నాను. రేపు నింద నా మీదికి వస్తే చూపడానికి ఆధారం ఉండాలి కదా.

"మాటిమాటికీ దిగి ఏం రాసుకుంటున్నాడే? నా వీలునామానా?" అన్నారు అత్తగారు.

మెసయీద్ చిమ్నీలు కనిపించేచోట ఎడమ నుంచి ఈదురుగాలి కొట్టింది. కారవాన్ తోక అటు ఒకసారి, ఇటు ఒకసారి విసిరింది. స్టీరింగు చేతుల్లో వణికింది. బ్రేకు జోలికి పోకుండా మెల్లగా వేగం తగ్గించుకుంటూ రోడ్డు పక్క ఇసుకలో ఆపాను. అందరూ దిగారు. అత్తగారు నడుము పట్టుకుని కాసేపు ఎడారిని చూశారు.

"ఎల్లుండికి టిక్కెట్టు చూడమనవే మీ ఆయన్ని" అన్నారు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

మా ఆవిడ పిల్లను నా చేతికిచ్చి తిన్నగా వాళ్ళ నాన్న దగ్గరకు వెళ్ళి, ఆయన జేబులోంచి దిక్సూచి తీసి ఆయన అరచేతిలోనే పెట్టింది.

"నాన్నా, ఇప్పుడు బండి ఎటు చూస్తోంది?"

"దక్షిణం."

"మరి మన బియ్యం బస్తా ఏ మూలకుంది?"

మామగారు సూదిని చూశారు, కారవాన్ను చూశారు, మళ్ళీ సూదిని చూశారు. వెనక ఎడమ మూల ఇప్పుడు ఈశాన్యం. ఈశాన్యంలో పూజగది తప్ప చీపురు కూడా పెట్టనివ్వని మనిషి, బస్తా, సిలిండరు, గ్రైండరుతో ఈశాన్యాన్ని తొక్కిస్తూ దోహా నుంచి వచ్చేశారు. 

"నైరుతి ఎటు వచ్చిందమ్మా?" అని అడిగారు, తెలిసి కూడా.

"ముందు, కుడివైపు."

"వాకిలి పడమటికి తిరిగిపోయిందే."

"తెనాలిలో మనింటికి పడమటి వాకిలే కదా నాన్నా. బాగానే బతికాం."

ఆయన కండువా నడుముకు బిగించారు. నేను వారిస్తున్నా వినకుండా బస్తాకు ఒక చెయ్యి వేశారు. ఆ గాలిలో, ఇసుక పళ్ళలో కరకరలాడుతుండగా, మామా అల్లుళ్ళం ఇల్లంతా ముందుకు సర్దాం. నా కాగితం మీది బొమ్మలో బరువు ఎక్కడ ఉండాలో కాస్త అటూ ఇటూగా అక్కడికే చేరింది. (ఆ బొమ్మ ప్రస్తావన ఎవరూ తేలేదు. నేను తెద్దామనుకున్నాను. మా ఆవిడ నావైపు చూసింది. మానుకున్నాను.)

తరవాత ట్రక్కు నీళ్ళ మీద పడవలా సాగింది. వెనక సీటు నుంచి ఒక్క మాట లేదు. నన్ను కుదుపుల కంటే ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టింది. అద్దంలో చూస్తే, అత్తగారు మనవరాలి తల మీద గడ్డం ఆనించి నిద్రపోతున్నారు. ఆ సాయంత్రం అలల దగ్గర పాదాలు తడుపుకుంటూ, "ఎల్లుండి టిక్కెట్టు సంగతి మర్చిపొమ్మను మీ ఆయన్ని" అన్నారు.

తిరుగు ప్రయాణం ఉదయం నేను కొక్కెం మూడుసార్లు బిగించాను. దోహా అంటే ఉత్తరం. మళ్ళీ దిక్సూచి బయటికొస్తే నైరుతి మళ్ళీ వెనక్కే పోతుంది, టిక్కెట్టు మళ్ళీ ముందుకొస్తుంది. మామగారు వచ్చారు. చెయ్యి జేబు దాకా వెళ్ళింది, ఆగింది. ట్రక్కులో పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చున్న అత్తగారిని చూశారు.

"కదిలే ఇంటికి ముందువైపే నైరుతి అల్లుడుగారూ."

"ఏ శాస్త్రంలో ఉందండీ?"

"నిన్నటి నుంచి ఉంది" అని ఎక్కి కూర్చున్నారు.

అత్తగారు వేసవి దాకా ఉన్నారు. మా ఆవిడ ఆ బడిలోనే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పింది. ఇప్పుడు మామగారూ లేరు, అత్తగారూ లేరు. ఆనాడు అత్తగారి ఒళ్ళో కూర్చున్న పిల్లే నన్ను కళ్ళు మూసుకోమంటోంది. మొన్న గురువారం జెనరేటరు దగ్గర నిలబడి, "కదిలే ఇంటికి ముందువైపే నైరుతి" అని నేను అల్లుడికి చెప్తుంటే, మా ఆవిడ పక్కకు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అడిగితే, "అచ్చం మా నాన్న గొంతే" అంది. దాన్ని అన్యాయాల జాబితాలో చేర్చాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాను.

కాబట్టి చిరంజీవి అల్లుడికి తెలియజేయునది ఏమనగా: వచ్చే గురువారం మళ్ళీ సామాను ఎక్కించే లోపల, సెన్సర్ల ప్రమేయం లేకుండా, స్వహస్తంతో సంతకం చేసి, ఈ ప్రశ్నకు లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలసినది. జెనరేటరును ముందుకు జరుపుతావా, లేక నన్ను ముందు సీటుకు జరుపుతావా? రెండింటిలో ఏది చేసినా బండి ముందువైపు బరువు పెరుగుతుంది. నాకు అభ్యంతరం లేదు.