మెత్తటి తొడుగు

మధ్యాహ్నం మిషను ఆపగానే కుట్టుపనామె ఒళ్లోని దారప్పోగులు దులుపుకుని, ఊరు మారిన చెల్లెలితో ల్యాప్‌టాప్‌లో ఆన్‌లైన్ కార్ల రేసు ఆటకు కూర్చుంటుంది. అట్టముక్కలా పలచగా ఉండే ఆ గేమింగ్ ల్యాప్‌టాప్ కూతురు వాడి వదిలేసింది. ఫోన్లో అయితే అక్కాచెల్లెళ్ల మాటలు బాగున్నావా, బాగున్నా దగ్గరే అయిపోతాయి. చేతులు ఆటలో ఉంటేనే కబుర్లు వాటంతటవే వస్తాయి. అందుకే దానిమీద ఆమెకు అంత ప్రాణం. గదిలోని గుడ్డల నూగు లోపలికి పోతుందేమోనని కొలతలు తీసి, దూది పెట్టి, ఒంటికి అతికినట్టు తొడుగు కుట్టింది. తొడిగిన రోజే, గెలుపు రెండు మలుపుల దూరంలో ఉండగా, ల్యాప్‌టాప్ రొప్పి రొప్పి టప్పున ఆరిపోయింది.

వెంటనే ఫోన్ మోగింది. "ఓడిపోతావని కట్టేశావా అక్కా?"

"నోర్ముయ్యవే, ముందున్నది నేనే! ఇది కుంపటిలా కాలిపోతోంది." గబగబా తొడుగు విప్పింది. అడుగున గాలి పీల్చుకునే చిల్లులన్నిటినీ తన దూదే మూసేసింది. "అయ్యో, మండుటెండలో దుప్పటి కప్పానే దీనికి!" అని తనే నవ్వేసింది. చిల్లులకు పట్టిన నూగును మెత్తటి బ్రష్షుతో దులిపింది. వెనకవైపు రెండు దారపు రీళ్లు పెట్టి ఎత్తింది. చల్లారాక మీట నొక్కితే తెర వెలిగింది.

"రావే, మొదట్నించీ ఆడదాం" అంటూ తొడుగును నాలుగు మడతలు పెట్టి, కుర్చీలో వేసుకుని, దానిమీద హాయిగా కూర్చుంది.