డ్యూటీ దిగిన ఇంజన్

మా నాన్న రామలింగయ్య మొండిఘటం. బిట్రగుంట షెడ్డులో ఆవిరి ఇంజన్లకు ఫైర్‌మన్‌గా చేరి, డీజిల్ డ్రైవరుగా రిటైరైన మనిషి. అమ్మ పోయాక దేశంకాని దేశంలో, ఈ లీసెస్టర్‌లో నా దగ్గరే ఉంటున్నాడు. నేను హాస్పిటల్ షిఫ్టులతో సతమతమవుతుంటే ఆయన సోఫాలో కూర్చుని గోడలు చూసేవాడు. మోడల్ రైళ్ళ క్లబ్బు దొరికాకే మళ్ళీ మనిషయ్యాడు. శనివారం వస్తే చాలు, నాకంటే ముందు తయారై బస్సెక్కేస్తాడు.

అక్కడ వాళ్ళకో పిచ్చి ఉంది. కొత్త బొమ్మ ఇంజన్ కొని, రంగులూ పొడులూ పూసి, అది యాభై ఏళ్ళు నడిచినట్టు కనిపించేలా చేస్తారు. నాన్న కూడా ఒకటి చేశాడు. పొగగొట్టం చుట్టూ మసి, బాయిలరు మీద నీళ్ళు కారిన తెల్లటి చారలు, వెనక బొగ్గు నుసి. చక్రాల్ని కలిపే రాడ్లు మాత్రం నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. డ్రైవరు ఎక్కేటప్పుడు పట్టుకునే కడ్డీ కూడా అంతే.

క్లబ్బు పెద్ద గ్రాహంకి అది నచ్చలేదు. రాడ్లకు తుప్పు రంగు పూయకపోతే క్లబ్బు ఎగ్జిబిషన్లో పెట్టనని చెప్పేశాడు. నాన్న ససేమిరా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ క్లబ్బూ పోతే ఈయన మళ్ళీ సోఫా పాలేనని నా భయం. రెండు చుక్కల తుప్పు పూస్తే నీ సొమ్మేం పోయిందని నెత్తీనోరూ కొట్టుకున్నాను. వింటేగా!

ఎగ్జిబిషన్ రోజు ఇంజన్ని డబ్బాలో పెట్టుకుని దర్జాగా బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను. గ్రాహం ఇంజన్ అప్పటికే ఎక్స్‌ప్రెస్ రైలు ముందు నిలబడి ఉంది, రాడ్ల నిండా ఎర్రటి తుప్పుతో. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి భలే ఉంది. నాన్నకు ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి, మీ నాన్న ఎందుకింత పట్టుబడుతున్నాడో కాస్త కనుక్కోమని గ్రాహం మర్యాదగానే నన్నడిగాడు.

నాన్న తడుముకోలేదు. "రాడ్లు తుప్పుపట్టాయంటే ఆ ఇంజన్ని ఎవరూ నడపడం లేదని అర్థం. నాది ఇప్పుడే డ్యూటీ దిగింది. ఆ మాట చెప్పు."

చెప్పాను. గ్రాహం వంగి తన ఇంజన్ని చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని రైలు నుంచి విడదీసి, మూలనున్న సైడింగులో, పనిలేని బళ్ళు నిలిపే పట్టాల మీద పెట్టాడు. ఖాళీ అయిన పట్టాలు చూపించి నాన్నకు దారిచ్చాడు.

నాన్న తన ఇంజన్ని రైలుకు తగిలించాక, మరి తన దాన్ని బాగుచేయాలంటే ఏ రంగు వాడాలో అడగమన్నాడు గ్రాహం.

"రంగెందుకు?" అన్నాడు నాన్న. "రోజూ నడపమను."